ఒక్క మోతకి ఎసరు

నా ఫోను మొన్నటి నుంచి మా టాటానగర్‌లోని సాక్చి బజారులో ఉంది. బట్టలు నానబెట్టిన బకెట్లో పడింది. వెంటనే తీసి, చీర చెంగుతో తుడిచి, ఎవరో చెప్పగా విన్నట్టు బియ్యం డబ్బాలో పాతిపెట్టాను. బియ్యానికి సబ్బు వాసన పట్టింది గానీ ఫోనుకి ప్రాణం రాలేదు. సాక్చి మార్కెట్లో మెట్ల కింద బల్ల వేసుకుని కూర్చునే రిపేరు ఆయన దాని వీపు విప్పి, ఒంటికన్ను అద్దం పెట్టుకుని లోపలికి చూసి, పెద్ద డాక్టరులా పెదవి విరిచి, "ఛోడ్ కే జాయియే, ఆంటీజీ" అన్నాడు. వదిలేసి వచ్చాను. ఆటో ఎక్కానో లేదో సంచిలో ఫోను మోగినట్టు అనిపించింది. చెయ్యి పెట్టి వెతికితే కొత్తిమీర కట్ట తగిలింది.

అప్పటి నుంచి ఇంట్లో ఒక చోట కాలు నిలవడం లేదు. పప్పు కడుగుతూ మధ్యలో లేస్తాను. ఎందుకు లేచానో తెలియక కిటికీ దాకా వెళ్ళి వస్తాను. పలాసలో ఉన్న మా చెల్లెలు ఈ వేళకి వీడియో కాల్ చేసి ఉంటుంది. చేస్తే మాత్రం ఏమిటి, ఎన్నేళ్ళయినా దానికి ఫోను పట్టుకోవడం రాదు. మాటలు దానివి, కనబడేది వాళ్ళింటి సీలింగు ఫ్యాను. అయినా ఆ ఫ్యాను తిరగడం చూస్తే మా చెల్లెలు బాగానే ఉందని నాకు ధైర్యం. మా అమ్మాయి డ్యూటీ నుంచి వచ్చి నన్ను చూసి నవ్వింది. "దో దిన్ కీ తో బాత్ హై, మమ్మీ. క్యోం ఘూమ్ రహీ హో?" అంది. నేను తెలుగులో అడుగుతాను, అది హిందీలో జవాబిస్తుంది. మా ఇంట్లో సంభాషణ ఎప్పుడూ రెండు పట్టాల మీద నడిచే రైలు. రెండు రోజుల భాగ్యానికి ఎందుకలా తిరుగుతున్నావంటుంది. తిరగడం ఫోను పోయినందుకు కాదు. మోగాల్సింది మోగకపోతే నా ఒంట్లో ఏదో లేచి కూర్చుంటుంది. దానికి ఒక కారణం ఉంది. అది మా అమ్మాయికి తెలియదు, అప్పుడది స్కూల్లో ఉంది.

ఫోను మంచిదా చెడ్డదా అని మా బర్మామైన్స్ బస్తీ ఆడవాళ్ళు కుళాయి దగ్గర ఎన్నిసార్లు తగవులాడుకున్నారో. గ్యాసు బండ బుక్ చెయ్యడానికి వరసలో నిలబడే పని పోయింది, అది మంచి. మా ఆయన మంచం మీద కూర్చుని మోకాళ్ళ నొప్పులకు మందు చెప్పే మనిషి కేకలు ఇల్లంతా వినబడేలా పెడతాడు, అది చెడ్డ. ఊళ్ళో ఎవరైనా పోతే అదే రోజు తెలుస్తుంది, అది మంచో చెడ్డో నాకు తెలియదు. ఒకప్పుడు ఉత్తరం వచ్చేసరికి పదకొండో రోజు కూడా అయిపోయేది. ఏడుపు ఆలస్యంగా వచ్చేది, వచ్చినా సగం చల్లారి వచ్చేది. ఇప్పుడు వేడివేడిగా వస్తుంది. ఇక నా మటుకు నాకు అక్షరాలు వచ్చింది ఫోను వల్లే. చిన్నప్పుడు బడి మొహం చూడలేదు. యాభై దాటాక, అద్దం ఫోనులో తెలుగు అక్షరాలు కనబడుతుంటే ఊరుకోలేక, టెక్కలి వైపు చదువుకుని వచ్చిన మా తోటికోడల్ని పట్టుకున్నాను. ఆమె సిమెంటు నేల మీద సుద్దతో రాస్తే, నేను వెల్లుల్లి ఒలుస్తూ దిద్దేదాన్ని. మా పిల్లలకి హిందీ వచ్చు, తెలుగు రాయడం రాదు. అందుకని ఇంట్లో ఇప్పుడు తెలుగు రాసేదాన్ని నేనొక్కదాన్నే. ఆ గర్వం కాస్త ఉంది, దాచను.

కానీ అక్షరాలు రాని రోజుల్లో మా వీధి ఆడవాళ్ళం ఫోనుని చెవితో చదివేవాళ్ళం. అవి బొత్తాల ఫోన్లు. నల్లటివి, సబ్బు బిళ్ళంత, నెత్తిన చిన్న టార్చిలైటు. మా ఆయన ఖర్కాయి నది అవతల ఒక చిన్న ఫౌండ్రీలో కాంట్రాక్టు మీద పనిచేసేవాడు. ఇనుము కరిగించి ఇసుక అచ్చుల్లో పోసే చోటు. అటువంటి చిన్న షెడ్లు అటువైపు కొల్లలు. లోపలికి ఫోను తీసుకెళ్ళనిచ్చేవారు కాదు. గేటు దగ్గర వాచ్‌మెన్ గదిలో పావురాల గూళ్ళలాంటి చెక్క అరలు ఉండేవి. పనికి వెళ్ళేవాళ్ళు ఫోను అరలో పెట్టి లోపలికి వెళ్ళాలి, డ్యూటీ దిగాక తీసుకోవాలి. తీసుకుని గేటు దాటగానే ఇంటికి ఒక మోత మోగించి కట్ చెయ్యాలి. అదే మిస్డ్ కాల్. దానికి పైసా ఖర్చు లేదు.

ఒక్క మోతకి అర్థం, నేను గేటు దాటాను, ఎసరు పెట్టు. రెండు మోతలైతే ఓటీకి ఆపేశారు, మీరు తినేయండి. ఆ రెండు మోతలు ఇవ్వడానికి ఒక్క నిమిషం గేటు దాకా రానిచ్చేవారు. మోత విన్నాక మేము కూడా ఒక మోత తిరిగి ఇచ్చేవాళ్ళం, విన్నానని. మా వీధిలో మగవాళ్ళందరూ అటో ఇటో ఏదో ఒక షెడ్డులో పనిచేసేవాళ్ళే గనక, మధ్యాహ్నం ఎ షిఫ్టు దిగే వేళకి ఇళ్ళన్నీ చెవులు రిక్కించుకుని ఉండేవి. ఒక ఇంట్లో ఫోను మోగితే గిన్నె చప్పుడు, దాని పక్కింట్లో మోగితే బియ్యం కడిగిన నీళ్ళు వీధిలో పోసిన చప్పుడు. ఏ ఇంటి మనిషి ఏ దారిన ఎంత దూరం వచ్చాడో ఉడుకుతున్న అన్నం వాసనని బట్టి చెప్పొచ్చు. సైకిలు గుమ్మంలో ఆనించేసరికి గంజి వార్చడం పూర్తవ్వాలి. అదీ లెక్క.

నంబర్లు మాకెవరికీ తెలియవు, మగవాళ్ళకి కూడా. ఫోను అమ్మిన కొట్టు ఆయనే ప్రతి మనిషికీ ఒకటే పద్ధతి పెట్టి ఇచ్చేవాడు. రెండో నంబరు బొత్తాం నొక్కి పట్టుకుంటే ఇల్లు. ఇంట్లో ఫోనులోనూ అంతే, రెండు నొక్కి పట్టుకుంటే మొగుడు. బర్మామైన్స్ మనిషికీ గోల్‌మురి మనిషికీ జుగ్‌సలాయి మనిషికీ, అందరికీ రెండే. ఇంకా మా ఆయన నంబరు నుంచి వస్తే నా ఫోను కోడిపుంజులా కూసేది. మిగతా ఎవరు చేసినా మామూలు గంట. పేరు చదవడం రాకపోయినా ఎవరో తెలియడానికి ఆ ఏర్పాటు. మధ్యాహ్నం పూట కోడి కూస్తోందేమిటని కొత్తగా వచ్చిన చుట్టాలు కంగారు పడేవారు.

ఆ రోజు కూడా వేళకి కోడి కూసింది. ఒక్క కూతే. నేనొక మోత తిరిగి ఇచ్చి, ఎసరు పెట్టాను. వంకాయ కూర అప్పటికే దించి ఉంది. అన్నం వార్చి, కంచం కడిగి బోర్లించి, గుమ్మంలో చాప వేసుకుని కూర్చున్నాను. ఎండ బాగా ఉంది. మనిషి రాలేదు. దారిలో టీ కొట్టు దగ్గర ఆగి ఉంటాడు, లేకపోతే సైకిలు చెయిను పడి ఉంటుంది అనుకున్నాను. గేటు దాటిన మనిషికి భయమేముంది? చాప మీద నడుం వాల్చాను. వాల్చినదాన్ని నిద్రపోయాను. ఎంత కమ్మని నిద్ర అనుకున్నారు! గాలి కూడా వీచింది.

పక్కింటి అప్ప వచ్చి లేపింది. మా శ్రీకాకుళం వైపు అక్కని అప్ప అంటాం. ఈమె నా సొంత అప్ప కాదు గానీ నాకు సొంతమంత. వాళ్ళాయనది టాటానగర్ స్టేషన్లో ఉద్యోగం. రైల్వే వాళ్ళింటికి మాకంటే ముందు కబుర్లు వస్తాయి.

"ఓలే, లెగే. మీ ఆయన ఒచ్చీసినాడేటే?"

"ఇంకా రానేదప్పా. గేటు దాటీసినాడు, ఫోను మోగింది."

అప్ప గుండె మీద చెయ్యి వేసుకుని గడప మీద కూలబడింది. "అమ్మయ్య! పేనం కుదుటపడింది. ఖర్కాయి అవతల మీ వోళ్ళ షెడ్డులో అచ్చేదో పేలిపోయిందంట. కరిగిన ఇనుము సిమ్మీసిందంట. ఆసుపత్రికి ఆటోల్లో మోసుకెల్తన్నారంట."

చటుక్కున లేచి నిలబడ్డాను. మరుక్షణం కోడి కూత గుర్తొచ్చి తేలికయ్యాను. మా ఆయన బయటపడ్డాక జరిగింది, దేవుడు చల్లగా చూశాడు అనుకున్నాను. లోపల ఉన్నవాళ్ళ పెళ్ళాలు ఎంత ఏడుస్తున్నారో పాపం అని జాలి కూడా పడ్డాను. అప్ప మాత్రం వెళ్ళకుండా నన్నే చూస్తోంది.

"మోగి ఎంతసేపైనాదే?"

"ఎసరు పెట్టినాను, వార్చినాను, తొంగున్నాను..."

"ఎంత సైకిలైతే మాత్రం! ఫోన్సెయ్యి."

"రోడ్డు మీద ఉంటే ఎత్తడప్పా. సంచిలో ఏసి హేండిలుకి తగిలిస్తాడు."

"ఎత్తకపోతే పోనీ. సెయ్యి."

రెండు నొక్కి పట్టుకున్నాను. మోగింది, ఎత్తలేదు. మళ్ళీ చేశాను, ఎత్తలేదు. ఎండలో ఉన్న గిన్నె లోపల పెట్టి వచ్చి మళ్ళీ చేశాను. ఈసారి ఎత్తారు. వెనకాల బజారు గోల, ఎవరో కూరలు అరుస్తున్నారు.

"ఏటయ్యా, ఎక్కడున్నావు? అన్నం సల్లారిపోతంది," అన్నాను.

"ఎవరమ్మా నువ్వు?" అంది అవతలి గొంతు. మా ఆయన గొంతు కాదు.

"నానెవరేటి? నువ్వెవరు? మా ఆయన ఫోను నీ కాడెందుకున్నాది?"

"మీ ఆయన ఫోనేటమ్మా, ఇది నా ఫోను. నంబరు తప్పు కొట్టీసినావు. పెట్టీ."

"నాను నంబరు కొట్టనేదు బాబూ. రెండు నొక్కినాను."

"నానూ రెండే నొక్కినాను, మా ఇంటికి..." అని ఆగిపోయాడు ఆయన.

అప్ప నా చేతిలోని ఫోనుకి చెవి ఆనించి వింటోంది. నేను అన్నాను, "బాబూ, ఆ ఫోను ఎనక్కి తిప్పి సూడు. కింద మూల కాడ సొట్ట ఉన్నాదా?" మా గుమ్మం మెట్టు మీద పడ్డ సొట్ట అది. అవతల బజారు గోల దూరమై మళ్ళీ దగ్గరైంది, ఫోను తిప్పి చూస్తున్నాడు. "ఉన్నాది" అన్నాడు.

ఆయనదీ మా ఆయన షెడ్డే. మా భాషే, ఊరు విజయనగరం వైపు, ఉండేది గోల్‌మురి. డ్యూటీ దిగి, పక్కపక్క అరల్లో ఉన్న ఒకే రకం నల్ల ఫోన్లలో చేతికందింది తీసుకుని, గేటు దాటి, రెండు నొక్కి ఒక మోత ఇచ్చి, సైకిలెక్కి సాక్చికి చేపలు కొనడానికి వెళ్ళాడు. నేను తిరిగి ఇచ్చిన మోత తన పెళ్ళాం ఇచ్చిందే అనుకున్నాడు.

"మరి మా ఆయన్ని గేటు కాడ సూసినావేటి?"

"మీ ఆయన పేరేటమ్మా?"

మా ఇళ్ళలో ఆడవాళ్ళు మొగుడి పేరు పలకరు. ఆసుపత్రిలో చీటీ రాసినప్పుడు కూడా పక్కనున్న వాళ్ళని చెప్పమనేదాన్ని. అప్ప చెప్పబోయింది. అంతలో నా నోటి నుంచే ఆ పేరు వచ్చేసింది. పెళ్ళయిన ఇన్నేళ్ళకి అదే మొదటిసారి. నా గొంతులో ఆ పేరు ఎవరో పరాయివాళ్ళ పేరులా వినబడింది.

"ఆయనా?" అన్నాడు గోల్‌మురి ఆయన. "తర్వాత షిఫ్టు రిలీవరు రానేదని సూపర్వైజరు ఆపీసినాడమ్మా. గేటు దాకా కూడా రానేదు, లోపలే ఉండిపోయినాడు."

షెడ్డులో జరిగింది ఆయనకింకా తెలియదు. అప్ప నా చేతిలోంచి ఫోను లాక్కుని చెప్పింది. వెనకాల గోల తగ్గింది, పక్కకి జరిగినట్టున్నాడు. తర్వాత, "మా ఇంటిదానికి నా కాడ్నుంచి మోత ఎల్లనేదు," అన్నాడు మెల్లగా. "దానికి ఇంటికాడ ఎలాగుందో. నాకా నంబరు తెల్దమ్మా." ఫోను కట్టయింది.

ఆ తర్వాత చెప్పులు వేసుకున్నానో లేదో కూడా గుర్తు లేదు. అప్ప తలుపుకి తాళం వేసింది, అప్పే ఆటో ఆపింది. దారి పొడుగునా నేను కూర్చోలేక ఆటో కమ్మీ పట్టుకుని సగం లేచి ఉన్నాను. "కూకో, నువ్వు తోస్తే ఆటో ఎల్తాదేటి," అని అప్ప నా భుజం పట్టి కిందికి లాగుతూనే ఉంది. వంతెన మీద లారీలు ఆగి ఉన్నాయి. కింద ఖర్కాయిలో ఎవరో గేదెల్ని కడుగుతున్నారు. ఇంత తీరిక మనుషులకి ఎలా ఉందో అని నాకు కోపం వచ్చింది. కొద్దిసేపటి క్రితం నాకూ అంతే తీరిక ఉంది మరి.

గేటు మూసి ఉంది. కాలిన ఇసుక వాసన రోడ్డు దాకా వచ్చింది. ఆడవాళ్ళు గుంపులుగా ఉన్నారు. కొందరు అరుస్తున్నారు, కొందరు చుట్టాలకి ఫోన్లు చేస్తున్నారు. వాచ్‌మెన్ కిటికీలోంచి చెయ్యి ఊపి, "సబ్ కో అస్పతాల్ లే గయే, నామ్ హమ్ కో నహీ మాలూమ్," అంటున్నాడు. అందర్నీ తీసుకెళ్ళారట, పేర్లు తెలియవట. ఏ ఆసుపత్రి అంటే అదీ తెలియదట. ఎటు వెళ్ళాలో తెలియక అక్కడే తిరుగుతున్నాను, గోడ దాకా, మళ్ళీ గేటు దాకా.

అప్పుడు వాచ్‌మెన్ గదిలోంచి ఒక ఫోను మోగడం వినబడింది. చెక్క అరల్లో ఎక్కడో. మోగి మోగి ఆగింది. మళ్ళీ మోగింది. గోడవారన ఒకామె చతికిలబడి ఉంది. ఫోను నొక్కుతుంది, చెవి దగ్గర పెట్టుకుంటుంది, దించి ఏడుస్తుంది. ఆమె చెవి దగ్గర పెట్టుకున్నప్పుడు లోపల మోగుతోంది, దించినప్పుడు ఆగుతోంది. ఆ గోలలో ఆమెకది తెలియడం లేదు. నాకు తెలిసింది.

ఆమె ముందు కూర్చుని, "మీది గోల్‌మురేనా?" అన్నాను. అవునని తల ఊపింది. "ఏడవకు. మీ ఆయనకేటీ అవనేదు. సాక్చిలో ఉన్నాడు. ఇందాకే నాతో మాటాడినాడు."

ఆమె ఏడుపు ఠక్కున ఆగింది. కళ్ళు తుడుచుకుని నన్ను పైనుంచి కిందికి చూసింది. "నీతో మాటాడ్డమేటి? మా ఆయన నీతోటెందుకు మాటాడినాడు? ఎవర్తివి నువ్వు?"

"ఓలమ్మా, దెబ్బలాట తర్వాతెట్టుకుందుగాని," అని అప్ప మధ్యలో దూరింది. "నీ మొగుడు దీని మొగుడి ఫోను పట్టుకుపోనాడు. నువ్వు కొడతన్న ఫోను అదిగో, ఆ అరలో మోగతంది. కావాలంటే మల్లీ కొట్టు, ఇను."

ఆమె నొక్కింది. లోపల మోగింది. రెండోసారి నొక్కి మళ్ళీ విన్నది. అప్పుడు నవ్వింది. ఏడుస్తూనే నవ్వింది, నవ్వుతూ నా రెండు చేతులూ పట్టుకుని ఊపింది. ఊపుతున్నదల్లా ఆగిపోయింది. మా ఆయన ఫోను బయట తిరుగుతోందంటే మా ఆయన ఎక్కడున్నట్టు? ఆ ప్రశ్న ఆమె మొహంలోకి రావడం నేను దగ్గర నుంచి చూశాను. "మరి మీ ఆయనో?" అంది. నేను గేటు వైపు చూపించాను.

ఇంకాసేపటికి సైకిలు తొక్కుకుంటూ గోల్‌మురి ఆయన వచ్చాడు. ఇంటికెళ్ళాడట, తాళం ఉందట, పక్కవాళ్ళు చెప్తే ఇటు వచ్చాడట. చెమటతో చొక్కా అంటుకుపోయి ఉంది. హేండిలుకి చేపల సంచి అలాగే వేలాడుతోంది. ఆమె లేచి ఎదురెళ్ళింది. కౌగిలించుకుంటుందేమో అనుకున్నాను. ఆ సంచి లాగి దాంతోనే ఆయన వీపు మీద బాదడం మొదలెట్టింది. "సేపలు కావలసొచ్చినాయేటి నీకు! పేనాలు పోతంటే సేపలు బేరమాడతన్నావేటి!" సంచి చిరిగి చేపలు రోడ్డు మీద పడ్డాయి. ఎక్కడి నుంచి వచ్చిందో ఒక కుక్క ఒకదాన్ని నోట కరుచుకుని పోయింది. అంత దుఃఖంలోనూ ఆడవాళ్ళు నలుగురు నవ్వారు.

దెబ్బలు తిన్నాక ఆయన నా దగ్గరకొచ్చి, జేబులోంచి మా ఆయన ఫోను తీసి, "తప్పైపోనాదమ్మా, తీసుకో," అన్నాడు. నేను చేతులు వెనక్కి పెట్టేసుకున్నాను. మా వీధిలో ఒకసారి ఒక ఇంటికి ఇద్దరు మనుషులు వచ్చి, ఒక సంచి ఆ ఇంటి ఆడమనిషి చేతిలో పెట్టడం చూశాను. సంచిలో టిఫిను డబ్బా, చెప్పులు, ఫోను. ఆమె ఆ సంచి అందుకున్నాకే అరవడం మొదలెట్టింది. మనిషి వస్తువులు మనిషి లేకుండా పెళ్ళాం చేతికి వస్తున్నాయంటే దానికి ఒకటే అర్థం. "నాకొద్దు," అన్నాను. "ఆయనొచ్చినాక ఆయన సేతికే ఇయ్యి." గోల్‌మురి ఆయన ఇంకేమో అనబోతే అప్ప కళ్ళతో ఆపింది. ఆయన ఆ ఫోను రెండు చేతులతో పట్టుకుని, ప్రసాదంలా, అలాగే నిలబడ్డాడు.

గోల్‌మురి ఆమె మళ్ళీ నా పక్కనొచ్చి కూర్చుంది. "నువ్వింటికెల్లమ్మా, మీ ఆయనొచ్చీసినాడు గదా," అన్నాను.

"ఎల్లేటి సేసేది? సేపలు కుక్క పాలైపోనాయి. వండడానికేటున్నాది," అంది. అని నా చీర కుచ్చిళ్ళు మట్టిలో పొర్లుతుంటే సర్దింది. అంతే. ధైర్యం చెప్పలేదు, దేవుడున్నాడనలేదు. నేను లేచి తిరిగితే తనూ లేచి తిరిగింది, కూర్చుంటే కూర్చుంది. ఆటో చప్పుడైన ప్రతిసారీ నాకంటే ముందు తనే మెడ చాచి చూసింది.

ఎండ ఎర్రబడ్డాక ఒక ఆటో వచ్చి ఆగింది. అందులోంచి మా ఆయన దిగాడు. మొహమంతా మసి, ఎడం చేతికి కట్టు. కాళ్ళ మీద నడుస్తున్నాడు. నేను అన్నిటికంటే ముందు చూసింది కాళ్ళే. ఆయన నన్ను చూసి గతుక్కుమన్నాడు.

"ఏటే, నువ్విక్కడికెందుకొచ్చినావు? ఇంటికి తాళమేసినావా?"

నేను ఆయన కట్టు చెయ్యి పట్టుకుని తిప్పి చూశాను. అప్పే అరిచింది. "తాళం సంగతి తర్వాత! ఒక్క ఫోను సెయ్యడానికి నీకేటొచ్చింది? ఆసుపత్రిలో ఎవరి కాడా ఫోనే నేదేటి?"

"సేసినాను గదప్పా!" అన్నాడు మా ఆయన. పక్కన పనిచేసే బిహారీ ఆయన కాలు కాలితే ఎత్తుకుని ఆసుపత్రికి వెళ్ళాడు. అక్కడ సూపర్వైజరుని ఫోను అడిగి, రెండు నొక్కి పట్టుకున్నాడు. రెండంటే ఇల్లే కదా. అటు ఎవరో ఆడమనిషి ఎత్తింది. ఈయన, "ఏమే, నాను బాగానే ఉన్నాను, గాబరా పడకు," అన్నాడు. "కౌన్ బద్తమీజ్ హై?" అని ఆవిడ తిట్లు లంకించుకుంది. అది సూపర్వైజరు పెళ్ళాం. భయపడి కట్ చేసి, ఇంకొకరి ఫోను అడిగే ధైర్యం లేక, కట్టు కట్టించుకుని, అరలో ఉన్న తన ఫోను తీసుకుందామని ఇటే వచ్చేశాడు.

ఏడవాలో నవ్వాలో తెలియక అందరం ఆయన మొహమే చూస్తున్నాం. గోల్‌మురి ఆయన ముందుకొచ్చి ఫోను మా ఆయన చేతిలో పెట్టాడు. మా ఆయన దాన్ని జేబులో వేసుకున్నాడు, ఏమీ జరగనట్టే. అప్పుడు నేను ఆటో వైపు కాకుండా మళ్ళీ గోడ వైపు నడిచాను. గోల్‌మురి ఆమె నా నడుం చుట్టూ చెయ్యి వేసి, ఆటో ఎక్కేదాకా తియ్యలేదు. ఆ రోజు ఎవరి ప్రాణమూ పోలేదని మర్నాడు తెలిసింది. బిహారీ ఆయన మాత్రం ఇప్పటికీ కొంచెం కుంటుతాడు.

ఆ తర్వాత మా వీధిలో మగవాళ్ళ ఫోన్లకి సింగారాలు మొదలయ్యాయి. ఒకామె గోళ్ళరంగు చుక్కలు పెట్టింది, ఒకామె పసుపు దారం చుట్టింది. మా అప్ప వాళ్ళాయన ఫోనుకి దిష్టి తగలకుండా కాటుక చుక్క పెడితే ఆయన స్టేషన్లో అందరి చేతా నవ్వించుకున్నాడు. మా ఆయన మాత్రం నా నంబరు బట్టీ పట్టాడు. స్నానం చేస్తూ, సైకిలు తుడుస్తూ, మంత్రంలా పైకి చదివేవాడు. ఇప్పటికీ అడిగితే నిద్రలో లేచి చెప్తాడు. ఇప్పుడు అందరి చేతుల్లోనూ అద్దం ఫోన్లు వచ్చాయి. మా అమ్మాయి ఎక్కడుందో నీలం చుక్కలా నా ఫోనులో కనబడుతుంది. చుక్క కదులుతుంటే నా ప్రాణం నిలకడగా ఉంటుంది, చుక్క ఆగితే నేను తిరగడం మొదలెడతాను. ఆ చుక్క వెనకాల ఉన్నది మా అమ్మాయా, మా అమ్మాయి ఫోనా? ఈ అనుమానం నాలాంటి దానికే వస్తుంది.

మొన్న ఫోను రిపేరుకిచ్చి వస్తూ సాక్చి బజారులో గోల్‌మురి ఆమె కనబడింది. ఇద్దరం ముసలివాళ్ళమైపోయాం. చెరుకురసం బండి దగ్గర నిలబడి, మోకాళ్ళ గురించీ మనవల గురించీ మాట్లాడుకున్నాం. ఉన్నట్టుండి, "ఒకటడుగుతాను సెప్పు. ఆ దినం నీకు మోతొచ్చిన కాడ్నుంచి ఫోన్సేసినదాకా ఏటి సేసినావు?" అంది.

"అన్నం వార్చినాను. తొంగున్నాను. మంచి నిద్దరొచ్చింది," అన్నాను.

ఆమె గ్లాసు చేతిలో తిప్పింది. "అది నా నిద్దరే," అంది. "నాకు రావలసిన మోత నీకొచ్చింది. నాను పోవలసిన నిద్దర నువ్వు పోనావు. నాను గోడ కాడ కూకుని నీ ఏడుపు ఏడిసినాను." ఆ మాటలో నిష్ఠూరం లేదు, నవ్వుతూనే అంది. నేనూ నవ్వాను. కానీ ఇంటికొచ్చినప్పటి నుంచి ఆ మాట నన్ను కూర్చోనివ్వడం లేదు. ఫోన్లు ఆ సాయంత్రమే ఎవరివి వాళ్ళకి చేరిపోయాయి. ఆ మధ్యాహ్నం మాత్రం నాది ఆమె దగ్గరా, ఆమెది నా దగ్గరా ఉండిపోయింది. గడిచిపోయిన పూటని వెనక్కి ఇచ్చి మార్చుకునే గేటు ఎక్కడా లేదు.